అద్దె గొంతు

లాయరు గారు గోడ గడియారం వైపు ఒకసారి, మెకానిక్ వైపు ఒకసారి చూసి, పన్నెండింటికల్లా వచ్చేస్తాను, ఈలోగా మీరిద్దరూ తేల్చుకోండి, రెండు వీడియోలూ ఈ టీవీలోనే ఉన్నాయి, ఎన్నిసార్లయినా చూసుకోండి అని చెప్పి, రిమోట్ మెకానిక్ భార్య చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె చేతిలోనే ఎందుకు పెట్టాలి, బటన్ నొక్కడానికి మాటలతో పనేముంది, నా ఎడమచెయ్యి నిక్షేపంలా ఉంది కదా అని అడుగుదామనుకున్నాడు మెకానిక్. అనుకోవడం వరకే. ఎనిమిది నెలలుగా ఎవరేది ఇచ్చినా ఆమె చేతికే ఇస్తున్నారు, ఏది అడిగినా ఆమెనే అడుగుతున్నారు. పక్కనే గుమ్మటంలా కూర్చున్న మనిషిని వదిలేసి, ఆయనకి ఆకలేస్తోందా, ఆయనకి చలేస్తోందా అని ఆమె మొహం చూసి అడుగుతారు. ఆమె కూడా ఒక్క క్షణం తడుముకోకుండా చెప్పేస్తుంది. సగం సార్లు సరిగ్గానే చెబుతుంది, ఆ మాటకొస్తే సగం కంటే ఎక్కువే. తప్పు చెప్పినప్పుడు మాత్రం ఇక అంతే సంగతులు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తల్లో టీ గ్లాసు అందుకుంటూ 'చక్కెర' అన్నాడు, ఇంకో చెంచా అనబోయాడు, అది వచ్చేలోపే వద్దా, సరే అనేసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా చప్పటి టీ తాగుతున్నాడు. పైగా వచ్చినవాళ్ళందరికీ, ఆయనే చక్కెర మానేశారండీ, ఎంత పట్టుదలో చూడండి అని మురిసిపోతూ చెబుతుంది.

లోపల మాటలకేం కొదవ లేదు. లోపల అతను ఇరవై నాలుగేళ్ళ అనుభవమున్న లిఫ్టు మెకానిక్కే, తోటి పనివాళ్ళలో నోటి దురుసు ఎక్కువని పేరు మోసినవాడే. ఇప్పుడు కూడా ఈ అద్దాల తలుపు అవతల వరండాలో లిఫ్టు వచ్చి ఆగుతుంటే, ఆ ఆగడంలో చిన్న కుదుపు వినగానే, గుమ్మానికి అంగుళం కిందే ఆగుతోంది వెధవది, బ్రేకు అరిగిపోయింది, ఏ బద్ధకస్తుడు చూస్తున్నాడో దీన్ని అని గడగడా తిట్టుకున్నాడు. తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. అక్కడే నిలబడిపోయాయి. బయటికి రావాలంటే ఒక్కో మాటనీ వెళ్ళి వెతుక్కుని చెయ్యి పట్టుకుని తీసుకురావాలి, తీరా తెచ్చాక చూస్తే అది వేరే మాట అయి ఉంటుంది. తల వెళ్ళి ఇనప దూలానికి కొట్టుకున్న రోజు నుంచి ఇంతే. పది నిమిషాల పని అది. లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి తాళ్ళు చూసి దిగిపోవాలి. కింద మెయిన్ స్విచ్ ఆపేసి, మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వెయ్యొద్దు అన్న బోర్డు తన చేత్తో తగిలించి మరీ ఎక్కాడు. కింద జనం చేరారు. నొక్కిన బటనే మళ్ళీ మళ్ళీ నొక్కారు, ఆ బిల్డింగు మేనేజర్ని పట్టుకుని వాయించారు, ఆ మహానుభావుడు తట్టుకోలేక బోర్డు తీసి పక్కనపెట్టి స్విచ్ వేసేశాడు, పెట్టె నెత్తిమీద మనిషితో సహా పైకి లేచింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మెకానిక్‌కి ఇప్పటికీ తేలదు. ఒకరో ఇద్దరో కాదు, అంతమంది కలిసి పది నిమిషాలు ఆగలేకపోయారు.

ఆ బిల్డింగు తరఫు బీమా కంపెనీ మొదట్లో మర్యాదగానే ఉంది. ఆస్పత్రి ఖర్చు భరించింది, కుడిచేతికి వ్యాయామం నేర్పే మనిషిని పంపింది, మాటల టీచరమ్మని కూడా పెట్టింది. బుధవారాలూ శనివారాలూ ఆవిడ వస్తుంది. మాట దొరక్కపోతే దాని చుట్టూ తిరగండి, దాని పనేమిటో చెప్పండి, దాని రంగు చెప్పండి, ఎక్కడో ఒకచోట సందు దొరుకుతుంది అంటుంది. నిజంగానే దొరుకుతోంది. నెలకి పది, పన్నెండు మాటలు వెనక్కి వస్తున్నాయి. పోయిన నెలలో 'తాళంచెవి' వచ్చింది, 'మెట్లు' వచ్చింది, 'కోపం' వచ్చింది. కోపం వచ్చిన రోజున టీచరమ్మ చప్పట్లు కొట్టింది. అంతలోనే కంపెనీ ఉత్తరం రాసింది, మనిషి మామూలుగానే మాట్లాడుతున్నాడు, వచ్చే నెల నుంచి క్లాసులు అవసరం లేదు అని. ఉత్తరంతో పాటు వాళ్ళు చాటుగా తీయించిన వీడియో ఒకటి లాయరు గారికి చేరింది. ఇరవై సెకన్లు. కొట్టు ముందు మెకానిక్ నిలబడి ఉన్నాడు, పక్కవాటా మాస్టారు వచ్చి ఎలా ఉన్నారండీ అని పలకరించాడు, మెకానిక్ మొహం విప్పార్చుకుని 'బాగున్నాను, బాగున్నాను, మీరెలా ఉన్నారు' అన్నాడు. చిలకలా అన్నాడు. ఎక్కడా తడబాటు లేదు, ఎవరు చూసినా ఈ మనిషికేం రోగం అంటారు. చిన్నప్పటి నుంచీ కొన్ని వేలసార్లు అన్న మాటలు కదా, అవి తలలో ఎక్కడో విడిగా ఉంటాయట, దెబ్బ అక్కడిదాకా పోలేదట, టీచరమ్మ చెప్పింది. మాస్టారు వెళ్ళిపోయాక కొట్టతను ఏం కావాలి అని అడిగాడు. అగ్గిపెట్టె కావాలి. అగ్గిపెట్టె అన్న మాట ఆ రోజు ఎంత వెతికినా దొరకలేదు, వెనక నలుగురు నిలబడి గొణుగుతున్నారు, ముఖం చెల్లక చేతికి అందిన సబ్బు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఇంట్లో ఇప్పటికి పదకొండు సబ్బులున్నాయి. ఆ వీడియో తీసినవాడు మాత్రం 'బాగున్నాను' దగ్గరే కట్టేసి వెళ్ళిపోయాడు. వాడికి కావలసింది దొరికేసింది మరి.

మూడు వారాల్లో రాజీ సమావేశం. కంపెనీ వాళ్ళు ముగ్గురు, మధ్యవర్తి ఒకాయన. వాళ్ళ ముందు మనమూ ఒక వీడియో పెట్టాలి, మీ రోజు ఎలా గడుస్తుందో కళ్ళకు కట్టాలి, ఇలాంటి కేసుల్లో కాగితాలు చెప్పలేనిది వీడియో చెబుతుంది అన్నాడు లాయరు గారు. ఇలాంటి కేసులకే వీడియోలు తీసేవాళ్ళు ఉంటారని మెకానిక్‌కి అప్పటిదాకా తెలీదు. ఇద్దరి పేర్లు చెప్పి ఇద్దరినీ ఇంటికి పంపాడు, గంటసేపు తీసి చిన్న నమూనా చేసి ఇమ్మన్నాడు. ఎవరైతే బాగుంటుందో మీరే చెప్పాలి, చూపించేది మీ బతుకు అన్నాడు. ఆ మాట నచ్చింది మెకానిక్‌కి. కాకపోతే ఆ మాట అన్నది కూడా ఆమె మొహం చూసే.

మొదట వచ్చింది స్కార్ఫాయన. ఎండలో కూడా మెడకి స్కార్ఫు చుట్టుకుని, ఇద్దరు సహాయకులతో, లైట్లతో దిగాడు. మంచివాడే, ఆ మాట అనకపోతే కళ్ళు పోతాయి. రెండు రోజుల ముందే ఫోను చేసి గడ్డం గీయకండి అన్నాడు, ఈ చొక్కా మరీ తెల్లగా ఉంది, పాతది వేసుకోండి అన్నాడు, కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూడండి అన్నాడు. చూశాడు. ఏం కనిపిస్తుంది, ఎదురింటి వాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయి. మీ మనసులో మాటలన్నీ మేం రాయిస్తాం, మంచి గొంతున్న కళాకారుడి చేత చదివిస్తాం, మీరు కూర్చుంటే చాలు అన్నాడు. ఆ నమూనా మూడు నిమిషాలు. మెల్లగా సంగీతం, కిటికీ, మెకానిక్ పక్క మొహం, నూనె మరకలు అంటిన పాత పనిచొక్కా కొక్కేనికి వేలాడుతూ. గంభీరమైన గొంతొకటి మొదలవుతుంది. నేను మనుషులను ఆకాశానికి చేర్చేవాడిని, నేడు నా మాటలే నేలను విడిచి రావడం లేదు, అంటుంది. మొదటిసారి విన్నప్పుడు మెకానిక్‌కి నవ్వాగలేదు. జన్మలో ఏనాడైనా తను 'చేర్చేవాడిని' అని ఉంటాడా? ఆరో అంతస్తుకి తీసుకుపోవడాన్ని ఆకాశం అంటారా? పక్కకి తిరిగి ఆమెతో ఈ జోకు పంచుకుందామనుకున్నాడు. తిరిగి చూస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

రెండో ఆవిడ ఒక్కతే వచ్చింది, భుజానికి సంచీతో. సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు, వంటింట్లో ముక్కాలిపీట చూసి అది తెచ్చుకుని అతని ఎదురుగా, అతని కంటే కాస్త కిందుగా కూర్చుంది. ముక్కాలిపీట ఆవిడ అనే పేరు అప్పుడే పెట్టేసుకున్నాడు లోపల. ఆ రోజు పొద్దున ఇంట్లో పెద్ద హడావిడి. ఇంటికి మనుషులొస్తున్నారంటే ఆమె ఊరుకోదు. ఇల్లంతా తుడిచింది, మందు సీసాలు బీరువాలో దాచింది, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ మీద కూడా తువ్వాలు కప్పేసింది, అతనికి తలంటి, ఇస్త్రీ చొక్కా తొడిగి, తనే బొత్తాలు పెట్టింది. ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పించింది. నమస్కారం, రండి, కూర్చోండి, దారిలో ఇబ్బంది ఏం కలగలేదు కదా, టీ తీసుకుంటారా. గంటన్నర వల్లె వేయించింది. మా ఆయన్ని చూసి ఎవరూ జాలిపడకూడదు అని ఆమె పట్టుదల. ముక్కాలిపీట ఆవిడ రాగానే అతను పాఠం మొత్తం ఒక్క ఊపిరిలో అప్పజెప్పేశాడు. ఆమె తలుపు పక్కన నిలబడి గర్వంగా చూసింది. ఆవిడ కెమెరా దించి, ఇద్దరినీ చూసి నవ్వి, ఇది తీసుకెళ్ళి చూపిస్తే కంపెనీ వాళ్ళు మీకు దండ వేస్తారమ్మా అంది. అప్పటికి గానీ భార్యాభర్తలిద్దరికీ బుర్రలో వెలగలేదు, వాళ్ళు చాటుగా తీసిన వీడియోనే తాము కష్టపడి మళ్ళీ తయారు చేశామని.

అప్పుడు ఆవిడ, అమ్మా, మీరు కాసేపు లోపలుంటారా అని అడిగి, ఆమె వెళ్ళాక కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి దాన్ని మర్చిపోయినట్టు వదిలేసింది. "మీ పనేమిటో చెప్పండి. నాకు తొందరేం లేదు," అంది. తొందరేం లేదని అందరూ అంటారు. అని, మూడు లెక్కపెట్టేలోపు మాట అందించేస్తారు. డాక్టర్లు అందిస్తారు, చుట్టాలు అందిస్తారు, టీచరమ్మ కూడా గంట అయిపోవస్తుంటే అందించేస్తుంది. అందుకని ఆవిడ కూడా అందిస్తుందనుకుని అతను ఊరుకున్నాడు. ఆవిడా ఊరుకుంది. గడియారం చప్పుడు వినిపించింది. ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది. ఆవిడ మొహంలో జాలి లేదు, ప్రోత్సాహం లేదు, అయ్యో పాపం అని తల ఊపడం లేదు, ఊరికే వింటోంది, ఏమీ వినపడకపోయినా వింటోంది. ఇక తప్పేట్టు లేదని మెకానిక్ బయల్దేరాడు. చుట్టూ తిరిగాడు. పైకి, అన్నాడు. చాలాసేపటికి, కిందికి, అన్నాడు. మనుషులు. తాడు. చెమట పట్టింది, ఎడమచెయ్యి గాలిలో లేచి పైకీ కిందికీ ఆడింది, నోరు తెరిచి మూసుకుంది. చివరికి, నేను, అన్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఎనిమిది నెలల్లో తనంతట తను మొదలుపెట్టి, తనంతట తను ముగించిన మొదటి మాట అదే. ఒళ్ళు తేలికైపోయింది. ఆ తేలికలో కాస్త నిర్లక్ష్యం కూడా వచ్చింది, అదే కొంప ముంచింది. ఆమె టీ తెచ్చింది. టీ పెట్టింది ఎవరండీ అని ఆవిడ మాటవరసకి అడిగింది. మెకానిక్ ఆమె వైపు చూశాడు, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి వైపు, నిండు మనసుతో చూసి, "స్క్రూడ్రైవరు," అన్నాడు.

ఆమె నవ్వింది. ఫర్లేదండీ, ఒక్కోసారి అలా వస్తుంది అని ఆవిడకి సర్దిచెప్పింది. ట్రే తీసుకుని లోపలికెళ్ళి, పంపు తిప్పి, చాలాసేపు గిన్నెలు తోమింది. తోమడానికి అక్కడ గిన్నెల్లేవని మెకానిక్‌కి తెలుసు.

అదీ సంగతి. ఇప్పుడు ఈ గదిలో, పొడుగు బల్ల ముందు, గాజు జగ్గూ రెండు గ్లాసులూ పెట్టుకుని కూర్చుని, ఎవరో ఒకరిని ఎంచుకోవాలి. సందేహమేముంది, ముక్కాలిపీట ఆవిడే అని పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అనుకున్నాడు. తీరా లాయరు గారితో కలిసి రెండూ చూశాక గుండె జారింది. ఆ స్క్రూడ్రైవరు ముక్క ఆవిడ తీసెయ్యలేదు. వీడియోతో పాటు, మీరు వద్దంటే తీసేస్తాను, కానీ అందులో మీకేం పోయిందో ఉంది, ఆలోచించుకోండి అని చీటీ పెట్టింది. కోట్లు వేసుకున్న ముగ్గురు కంపెనీ వాళ్ళు, మధ్యవర్తి, వాళ్ళకి టీలందించేవాళ్ళు, ఎంతమంది చూస్తారో ఏమో, టీ పెట్టిందెవరంటే పెళ్ళాన్ని చూసి పనిముట్టు పేరు చెప్పే మొగుణ్ణి. ఎవడో ఒకడు కిసుక్కుమంటాడు. తనని చూసి నవ్వితే నవ్వనీ, తన నోరు బాగున్న రోజుల్లో తను ఎంతమందిని నవ్వులపాలు చెయ్యలేదు గనక. ఆమెని చూసి నవ్వుతారే, అదీ బాధ. ఆమె అక్కడే కూర్చుని ఉంటుంది, కొంగు సర్దుకుంటూ, ఫర్లేదండీ అంటూ. స్కార్ఫాయన వీడియోలో ఈ గొడవే లేదు. అందులో ఆమె పేరు కూడా ఆ గొంతే చెబుతుంది, నా జీవన సహచరి అని, ఎంతో అందంగా.

ఆమె రిమోట్ నొక్కింది. మళ్ళీ మొదటిదే. కిటికీ, పక్క మొహం, పనిచొక్కా. ఇది ఎన్నోసారి? నమూనా ఆమె ఫోనుకి కూడా పంపారు, నాలుగు రోజులుగా వంటింట్లో పెట్టుకుని వింటోంది, బట్టలు మడతపెడుతూ వింటోంది, బొమ్మ చూడకుండా ఊరికే వింటోంది. మొదట్లో మెకానిక్‌కి ఒళ్ళు మండింది, ఆ నాటకాల గొంతంటే అంత మోజేమిటి అని. ఇప్పుడు టీవీ వైపు కాకుండా ఆమె వైపు చూశాడు. కళ్ళు మూసుకుని ఉంది. గొంతు ఆగినచోట ఆమె పెదవులు కొద్దిగా కదిలాయి, జవాబు చెబుతున్నట్టు. ఆమె కళ్ళు తెరిచి, అతను చూస్తున్నాడని గమనించి, కొంచెం సిగ్గుపడి, "మీరు మాట్లాడుతున్నట్టే ఉంటుందండీ," అంది.

ఎక్కడా పోలిక లేదు. ఆ గొంతు బొంగురు కాదు, ఆ గొంతులో వెటకారం లేదు, ఆ గొంతు ఏనాడూ లిఫ్టు గోతిలో నిలబడి పై అంతస్తుకి వినపడేలా అరిచి ఉండదు. అయినా ఆమెకి పోలిక కనిపించింది. ఎనిమిది నెలలుగా ఇంట్లో మాట్లాడుతున్నది ఆమె ఒక్కతే. అతని మాటలూ ఆమే, ఆమె మాటలూ ఆమే. ఫోనులో అతని చెల్లెలికి అతని తరఫున జవాబులు, కొట్లో అతని తరఫున బేరాలు, డాక్టరు దగ్గర అతని తరఫున నొప్పులు. ఎవరైనా ఆమెతో ఆఖరిసారి నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడింది ఎప్పుడు? ఇదివరకు అతను పనినుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, ఇవాళ ఏమైందో తెలుసా అని మొదలుపెట్టేవాడు. చాలించండి బాబూ, నా చెవులు చిల్లులు పడుతున్నాయి అనేది. ఆమెకి ఆ చిల్లులే కావాలి ఇప్పుడు. అద్దెకి తెచ్చిన గొంతైనా సరే, మూడు నిమిషాలైనా సరే. ఈ మనిషి దగ్గర్నుంచి ఆ మూడు నిమిషాలు కూడా లాక్కోవాలా? పోనీ స్కార్ఫాయన్నే కానిద్దాం, ఏమవుతుంది, ఆయన వీడియోకీ కళ్ళు చెమర్చేవాళ్ళుంటారు, లాయరు గారు కూడా ఇది గట్టిగానే పట్టుకుంటుంది అన్నాడు కదా.

వరండాలో లిఫ్టు మళ్ళీ వచ్చి కుదుపుతో ఆగింది. ఎవరో తలుపు తెరుచుకునేదాకా ఆగలేక లోపల్నుంచి తడుతున్నారు. తట్టకురా నాయనా, అది దాని వేగంతోనే తెరుచుకుంటుంది, నువ్వు తట్టినా తట్టకపోయినా అంతే. ఇలా ఎంతమందికి చెప్పాడో. బటన్ని పొడిచి పొడిచి చంపేవాళ్ళు, గడియారం చూసుకునేవాళ్ళు, కాలు నేలకేసి కొట్టేవాళ్ళు. ఇందాక లాయరు గారు కూడా అంతే. మొదటి వీడియో ఒళ్ళు కదలకుండా చూశాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, బాగుంది అన్నాడు. బాగుంది. చూసినవాడి ప్రాణానికి హాయిగా ఉందన్నమాట. రెండోది మొదలైన నిమిషానికి పెన్ను టకటకలాడించాడు. రెండో నిమిషంలో జగ్గులోంచి నీళ్ళు వంపుకుని తాగకుండా పెట్టేశాడు. మూడో నిమిషంలో, ఇక్కడ కొంచెం కత్తిరించుకోవచ్చేమో అన్నాడు. చివరికి తెర మీద మెకానిక్, నేను, అన్నప్పుడు మాత్రం ఉఫ్‌మని గాలి వదిలాడు, అప్పటిదాకా ఊపిరి బిగపట్టి ఉన్నాడని ఆయనకే తెలీదు. ఇది చాలా ప్రమాదం, వాళ్ళు విసుక్కుంటారు అన్నాడు ఆ తర్వాత.

విసుక్కోవాలి కదా. మెకానిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. విసుక్కోకపోతే ఎలా తెలుస్తుంది? నాలుగు నిమిషాలు కదల్లేక, మాట అందించలేక, బటన్ నొక్కలేక ఆ ముగ్గురూ కుర్చీల్లో నలగాలి. అగ్గిపెట్టె కోసం కొట్టు ముందు తను ఎలా నలిగాడో అలా. ఆ అద్దె గొంతు ఎంత బాగా మాట్లాడుతుందంటే, అది విన్నవాడెవడైనా ఈ మనిషికి మాటలు నేర్పాలని ఎందుకనుకుంటాడు? ఆ గొంతుకి బుధవారం అక్కర్లేదు, శనివారం అక్కర్లేదు. రాసిచ్చింది చదివి ఇంటికి పోతుంది, వచ్చే నెల ఒక్క మాట కూడా కొత్తగా నేర్చుకోదు. తను నేర్చుకుంటాడు. పైకి, కిందికి, మనుషులు, తాడు, నేను. ఆ ఐదూ ఎవరూ అందివ్వనివి. క్లాసులు సాగితే ఐదు పదవుతాయి, పది వందవుతాయి, ఎప్పటికో ఒకప్పటికి ఈ పిచ్చిదానికి మళ్ళీ చెవులు చిల్లులు పడతాయి. పాత గొంతు రాదు, అది తెలుసు. వచ్చేది నత్తనడకన వస్తుంది, అడ్డదిడ్డంగా వస్తుంది, మధ్యలో పనిముట్లు దొర్లుతుంటాయి. అయినా ఆమెతో మాట్లాడేది అదే. వాళ్ళ ముందు నవ్వులపాలైనా ఫర్లేదు, నేను మాట్లాడాలి అని ఆమెకి ఇప్పుడే చెప్పాలనిపించింది. చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె జగ్గులోంచి నీళ్ళు వంచి గ్లాసు అతని చేతిలో పెట్టింది.

పన్నెండు కొట్టకముందే లాయరు గారు వచ్చాడు, నిలబడే అడిగాడు, ఏమనుకున్నారమ్మా అని. మొదటాయనే అండీ, ఆయనకి కూడా అదే, అని ఆమె వాక్యం సగంలో ఉండగా మెకానిక్ గ్లాసు బల్లమీద పెట్టి ఎడమచెయ్యి ఎత్తాడు.

"కాదు," అన్నాడు.

దాంతో ఏం తేలుతుంది? అవును అనబోతే కాదు వస్తుంది అతనికి, కాదనబోతే అవును వస్తుంది, ఈ సంగతి లాయరు గారికీ తెలుసు. లాయరు గారు ఆమె వైపు చూశాడు. ఆయన కాదంటే ఒక్కోసారి అవునని అండీ అంటూ ఆమె మొదలుపెట్టింది. మెకానిక్ ఎత్తిన చెయ్యి దించలేదు. లిఫ్టు పని జరిగేచోట జనాన్ని ఆపడానికి ఎత్తినట్టే ఎత్తి ఉంచాడు. ఆమె ఆగిపోయింది. ఇక వెతకాలి. ముక్కాలిపీట అనుకున్నాడు, అది రాదు, మరీ పొడుగు. రెండోది అందామనుకున్నాడు, ఒకటి నుంచి లెక్కపెడితే గానీ రెండు రాదు, లెక్కపెడుతుంటే నవ్వుతారు. చుట్టూ తిరగండి అంది టీచరమ్మ. ఆవిడ ఏం చేసింది? కెమెరా తెచ్చింది, అందరూ తెస్తారు. కింద కూర్చుంది. కింద కూర్చుని ఏం చేసింది? లాయరు గారి ఫోను మోగింది, ఆయన దాన్ని చూసి నొక్కేసి జేబులో పెట్టుకున్నాడు. పెన్ను అందుకున్నాడు, టకటకలాడించబోయి, ఏమనుకున్నాడో బల్లమీద పెట్టేశాడు. ఆమె పెదవుల మీద మాట సిద్ధంగా ఉంది, ఎవరి మాటో, కిందిపెదవి పంటికింద పట్టి దాన్ని ఆపింది. అప్పుడు దొరికింది.

"ఆవిడ," అన్నాడు మెకానిక్. ఊపిరి పీల్చుకున్నాడు. "ఆగింది."

లాయరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత ఆయన తనలో తను అన్నట్టు, నిజమే, నేనే ఆగలేకపోయాను, వాళ్ళు అసలు ఆగలేరు అని, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆమె మాత్రం బల్లవైపే చూస్తోంది. "నేనెప్పుడూ ఆగలేదు కదండీ," అంది, వినీ వినపడనట్టు. కాదు అని చెప్పాలి అతను. నువ్వు ముందు పరిగెత్తింది నేను పడిపోతానన్న భయంతోనే కదా, నాకు తెలీదా అని చెప్పాలి. అందులోంచి ఒక్క ముక్కయినా తెద్దామని చూస్తే, నోట్లోంచి అవును అని ఊడిపడింది. మెకానిక్ గాబరాగా ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది, ఎంతసేపో చూసి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, ఆ చీటీ రాసినావిడకి చెప్పండి, ఏ ముక్కా తియ్యొద్దని అంది లాయరు గారితో. మా ఆయన నన్ను ఏమన్నా అది నన్నే అన్నది, నాకేం నామోషీ లేదు అంది.

అయితే ఆవిడని ఎప్పుడు రమ్మందాం అని అడిగాడు లాయరు గారు, పాత అలవాటు కొద్దీ ఆమెనే. ఆమె నోరు తెరిచింది. ఇల్లు తుడవాలనీ ఇంకేదో అనీ చెప్పబోయి ఉంటుంది. తెరిచిన నోరు మూసుకుని, కుర్చీ మెకానిక్ వైపు తిప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. లాయరు గారు కూడా తిరిగాడు. సోమవారం అని చెబుదామనుకున్నాడు మెకానిక్. ఎల్లుండి శనివారం క్లాసు ఉంది, ఆదివారం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, సోమవారమైతే సుఖం. వారాలన్నీ వరసగా వస్తాయి అతనికి, ఆది దగ్గర ఎక్కితే సోమ దగ్గర దిగిపోవాలి, దిగడమే కష్టం, ఒక్కోసారి శుక్రవారం దాకా లాక్కుపోతుంది. ఆదివారం దాకా బాగానే వెళ్ళాడు. అక్కడ చీకటిగా ఉంది. గదిలో ఎవరూ కదల్లేదు, ఎవరూ దగ్గలేదు, ఎవరూ ఏ మాటా అందివ్వలేదు. అతను కూడా కంగారుపడలేదు. తడుముకుంటూ తడుముకుంటూ వెళ్ళగా వెళ్ళగా చేతికి ఒకటి తగిలింది, బయటికి తెచ్చి చూసుకుంటే అది సోమవారం కాదు. వెనక్కి తోసేద్దామనుకుని, నోట్లోనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇదీ బాగానే ఉందనిపించింది.

"రేపే," అన్నాడు.